మీడియం వేవ్ వినపడదని ఓబులేసు పెట్టిన సంతకం

రాష్ట్రం విడిపోయిన తర్వాత నాలుగో ఎండాకాలం, ఏప్రిల్ మొదటి వారంలో నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి నేను మా జిల్లా రేడియో ట్రాన్స్‌మిటర్ కేంద్రంలో అసిస్టెంట్ ఇంజినీరును. హోదా వినడానికి బాగానే ఉంటుంది. షిఫ్టు చార్టు వేయడం, జనరేటరులో డీజిల్ ఉందో లేదో చూడటం, నెలకొక రిపోర్టు పైకి పంపడం, మాస్టు చుట్టూ పెరిగిన ముళ్ళకంపలు కొట్టించడం, అన్నీ ఆ హోదా కిందికే వస్తాయి. ఆర్డరులో ఉన్న పని ఇది: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మా మీడియం వేవ్ ప్రసారం ఎంతగా వినపడటం లేదో సర్వే చేసి, ఎఫ్ఎం రిలే కావాలని ప్రతిపాదన పంపాలి. ఎంత బాగా వినపడుతోందో కాదు. ముప్పై ఏళ్ళు ఏ యంత్రాన్ని సాకానో, అది పనికిరాదని నేనే రుజువు చేయాలన్నమాట. ఖర్మ!

ఈ రంగంతో పరిచయం లేనివాళ్ళకు కొంచెం వివరం చెప్పాలి. మీడియం వేవ్ అంటే మన పెద్దవాళ్ళ రేడియో. మా కేంద్రంలో ఆకాశంలోకి పోయే ఇనుప మాస్టు ఒకటి ఉండేది. చూసినవాళ్ళు అది యాంటెన్నాను మోసే స్తంభం అనుకుంటారు. కాదు, ఆ స్తంభమే యాంటెన్నా. నేలకు తగలకుండా దాన్ని ఒక పింగాణీ దిమ్మ మీద నిలబెడతారు. చుట్టూ నేలలో బండిచక్రం ఆకుల్లాగా రాగి తీగలు పాతి ఉంటాయి. ఆ తరంగం నేలను పట్టుకుని పోతుంది. గుట్ట వస్తే ఎక్కి దిగుతుంది, వంక వస్తే వంకలోకి దిగుతుంది. జిల్లా మొత్తానికి ఒక్క మాస్టు చాలు. ఎఫ్ఎం అలా కాదు. అది చూపు లాంటిది, తిన్నగా పోతుంది, అడ్డమొస్తే ఆగిపోతుంది. రిలే అంటే మా కార్యక్రమాన్నే అందుకుని ఎఫ్ఎంలో మళ్ళీ వదిలే చిన్న ట్రాన్స్‌మిటరు. బీరువా అంత ఉంటుంది. ఒక ఊరికి, ఆ ఊరి పొలిమేరకు సరిపోతుంది.

మరి జిల్లా అంతా పోయేది చేతిలో పెట్టుకుని, ఊరి పొలిమేరలో ఆగిపోయేదాని కోసం ఎందుకు దేబిరించడం? దానికీ కారణాలు ఉన్నాయి. ఎక్కడ నిప్పురవ్వ పుట్టినా మీడియం వేవ్‌లో గరగర పుడుతుంది. పూర్వం ఇంటికొక బల్బు ఉండేది. ఇప్పుడు ఎల్ఈడీలు, ఇన్వర్టర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, ప్రొద్దుటూరు మగ్గాల మోటార్లు, మా వైపు చీనీ అనే పులివెందుల బత్తాయి తోటల బోరు స్టార్టర్లు. ఇవన్నీ కలిసి మా అనౌన్సరు గొంతు నొక్కేస్తాయి. ఎఫ్ఎంకు ఆ బెడద లేదు. రెండోది, మీడియం వేవ్ పట్టే సెట్లు అంగళ్ళలో దొరకడం మానేశాయి. జనం చేతిలో ఉన్నది సెల్‌ఫోను, అందులో ఉన్నది ఎఫ్ఎం ఒక్కటే. మూడోది, మా ట్రాన్స్‌మిటరు విడిభాగాలు తయారుచేసేవాళ్ళు తయారీ ఆపేశారు. దేశంలో మీడియం వేవ్ కేంద్రాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని మాకు తెలుసు. పక్క ఊళ్ళో ఎఫ్ఎం గొంతు ఒకటి ఉంటే, కనీసం స్టేషను బతికే ఉందని చెప్పుకోవచ్చు. మా ఆశ అంతా అదే.

చిక్కు మరోచోట ఉంది. అంతకుముందే ఒకసారి మేము ఎఫ్ఎం అడిగాం. పైనుంచి ఒక పేజీ జవాబు వచ్చింది. మీ కేంద్రం ఇన్నేళ్ళుగా పంపిన నెలవారీ రిపోర్టులన్నిటిలో ఈ మూడు పట్టణాల్లోనూ ప్రసారం 'తృప్తికరం' అని ఉంది, మరి ఎఫ్ఎం అవసరం ఏమిటి అని. ఆ రిపోర్టులు రాసింది సాక్షాత్తూ నేనే. ప్రతి నెలా ఒకటో తారీఖున, చూడకుండా రాసేదాన్ని. 'తృప్తికరం కాదు' అని రాస్తే కారణం చెప్పమని మెమో వస్తుంది. కారణం చెప్తే కొలతలు పంపమంటారు. కొలతలు పంపితే ఎందుకు ఇలా ఉన్నాయని మళ్ళీ మెమో. నాకంటే ముందువాళ్ళూ అలాగే రాశారు. వాటిని పైన ఎవరో చదువుతారని, చదివి ఫైలులో దాచిపెడతారని నేను కలలో కూడా అనుకోలేదు.

మా స్టేషన్ ఇంజినీరు గారు కోస్తా మనిషి. నెమ్మదస్తుడు, ఏ గండం వచ్చినా గొంతు పెంచడు. "పాతవాటి సంగతి వదిలేద్దామండీ. కొత్తగా సర్వే చేసేసి పంపించేద్దాం. మీకు తెలియందేముందీ," అన్నారు. కొత్త సర్వేకు పైవాళ్ళు పెట్టిన షరతు రెండు రకాలు. సిగ్నలు బలం కొలిచే ఫీల్డ్ స్ట్రెంగ్త్ మీటరుతో కొలతలు తీయాలి. దాంతోపాటు శ్రోతల అభిప్రాయ పత్రాలు జతచేయాలి. ఆ పత్రాల్లో సగం 'నమోదైన శ్రోతలవి' అయి ఉండాలి, అంటే మాకు ఉత్తరాలు రాసిన వాళ్ళవి, ఆ ఉత్తరాలు మా ఫైలులో ఉన్నవాళ్ళవి.

జీపు డ్రైవరు ఖాదర్‌బాషా, నేను, వైరు చుట్టిన తలుపు చెక్కంత లూప్ యాంటెన్నాతో మీటరు. ముగ్గురం బయల్దేరాం. ప్రొద్దుటూరులో మొదట బంగారు అంగళ్ళ వీధిలో ఆగాం. ఒక అంగడాయన ఫారం తీసుకుని, చదవకుండానే సంతకం చేసి, "రేడియోనా? ఇంగా ఉండాదా మేడం అది?" అని అడిగాడు. ఉందని చెప్పాను. "బాగుండాది, బాగుండాది. టీ తాగండి," అన్నాడు. మగ్గాల వీధిలో ఒక్క గంటలో పది ఫారాలు నిండాయి. పులివెందులలో చీనీ తోటల ఆసామి ఒకాయన నా ముందే పక్క తోటల వాళ్ళకు ఫోన్లు చేసి పిలిపించాడు. "మన పులివెందులకు ఎఫ్ఎం లేదంటే నామోషీ కాదామ్మా? రాయండప్పా, అందురూ రాయండి, ఏమీ ఇనపడ్లేదని రాయండి!" అని దగ్గరుండి రాయించాడు. మా రేడియో ఆఖరుసారి ఎప్పుడు విన్నారని అడిగాను. "మా నాయన ఇంటాండె," అన్నాడు.

ఫిర్యాదులకు కొదవ లేదు. అయితే ఆ ఫిర్యాదుదారుల్లో ఒక్కరి పేరూ మా ఫైలులో లేదు. ఫైలులో పేర్లున్నవాళ్ళను వెతుక్కుంటూ పోతే తలప్రాణం తోకకు వచ్చింది. రేడియోకు ఉత్తరం రాసే వాళ్ళకు ఒక మర్యాద ఉంది. అది ఎవరు నేర్పారో తెలియదు గానీ, తరతరాలుగా వస్తోంది. కార్డు మీద మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: 'మీ ప్రసారాలు మా ఊరిలో చక్కగా వినిపిస్తున్నాయి.' ఆ తర్వాతే పాట అడగడమో, ఫలానా నాటిక బాగుందనడమో. ఇంటికి వచ్చినవాణ్ణి బాగున్నావా అని పలకరించడం లాంటిదే అది. అలాంటి వాళ్ళ దగ్గరికి పోయి వినపడటం లేదని రాయండి అంటే ఊరుకుంటారా? జమ్మలమడుగులో రిటైరైన పంతులమ్మ ఒకావిడ నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చీవాట్లు పెట్టింది. "మీ స్టేషను మీద మీరే చాడీలు చెప్పించుకుంటాండారా? సిగ్గుగా లేదా అమ్మీ?" అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ కనిపించలేదు.

వారం తిరిగేసరికి తేలింది ఒక్కటే. వినేవాళ్ళకు ఫిర్యాదు లేదు, ఫిర్యాదు ఉన్నవాళ్ళు వినరు.

బతిమాలీ, బామాలీ నమోదైన శ్రోతల సంతకాలు లెక్కకు దగ్గరగా తెచ్చాం. జమ్మలమడుగు ప్రాంతం నుంచి ఒక్కటే తక్కువైంది. ఫైలు తిరగేస్తే మైలవరం నుంచి ఓబులేసు అనే ఆయన కార్డుల దొంతర కనిపించింది. అన్నీ ఒకే చేతిరాత, అన్నిట్లోనూ ఒకే మొదటి వాక్యం. ఊళ్ళో వాకబు చేస్తే, ఆ రాత టీ హోటలు యజమానిదనీ, ఊరందరి కార్డులూ ఆయనే రాసిపెడతాడనీ, ఓబులేసు గొర్రెలు మేపుకుంటూ డ్యాముకు దిగువన పెన్న ఇసుకలో ఉంటాడనీ చెప్పారు. ఏటి ఒడ్డున జీపు ఆపి, మీటరు మోసుకుంటూ ఇసుకలో నడిచాం.

ఏటి మధ్య దిబ్బ మీద చుట్టూ కంప నాటిన గొర్రెల దడి, దాని పక్కన ఒక తాటాకు నీడ. అరవై దాటిన మనిషి కంబళి మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య పొయ్యి ముట్టిస్తోంది. కర్రకు తగిలించిన పాత రేడియో మా పొలం కార్యక్రమం చెప్తోంది. ఎంత స్పష్టంగా అంటే, అనౌన్సరు కాగితం తిప్పిన చప్పుడు కూడా వినపడుతోంది. కరెంటు తీగ లేదు, మోటారు లేదు, గరగర పుట్టించే వస్తువు మైలు దూరంలో లేదు. మీటరు పెట్టి చూశాను. సర్వే మొత్తం మీద అంత మంచి రీడింగు ఇంకెక్కడా రాలేదు. వృత్తిపరంగా నాకు ఎంతో సంతోషం కలిగింది, వచ్చిన పనిని బట్టి చూస్తే ఏడుపొచ్చింది.

మాది ఇదే జిల్లాలోని ఖాజీపేట. కాబట్టి ఆయనతో మా మాటల్లోనే మాట్లాడాను. "ఎట్ల ఇనపడ్తాదప్పా మా రేడియో?"

"ఎట్లేంది మేడమ్మా, పక్కన కూచోని చెప్పినట్టే ఇనపడ్తాది."

ఖాదర్‌బాషా అటు తిరిగి గొర్రెలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు.

రేడియో ఎందుకు వింటావని నేను అడగలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. "సాయంత్రం వార్తల యాళకు చెప్తారు గదా, రేపు డ్యామ్ గేట్లు ఎత్తుతాండారని. అది ఇని మందను గట్టు మీదికి తోల్తా. ఈడ సెల్లు పలకదు. టాంటాం ఊర్లో ఏస్తారు గానీ ఏట్లోకొచ్చి ఎవురేస్తారు? ఈ పెట్టె లేకుంటే మేము, మా గొర్లు ఏమైపోతాం?"

నేను వచ్చిన పని చెప్పాను. మొత్తం చెప్పాను, దాచలేదు. ఎఫ్ఎం వస్తేనే స్టేషను నిలబడేలా ఉందనీ, అది రావాలంటే ఇప్పుడున్నది వినపడదని రాయాలనీ.

ఆయన రేడియో వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇనపడ్తాంది గదమ్మా."

"ఇనపడ్తాంది. కానీ ఇనపడ్తాందని రాస్తే ఎఫ్ఎం ఇయ్యరు. ఎఫ్ఎం లేకుంటే రేపు స్టేషనే మూసేస్తారేమో."

"ఇదేం లెక్క మేడమ్మా! పాలిచ్చే మేకను వట్టిపోయిందని చెప్తేనే మేపుతారా?" అన్నాడు. ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచే, "ఆయమ్మ ఇంత దూరం నడిచొచ్చింది, పెట్టరాదూ," అంది. ఓబులేసు ఫారం అందుకుని అడిగాడు. "మరి ఈ పాతది నిలపరు గదా?"

"నిలపరప్పా. దాని దోవ దానిది, దీని దోవ దీనిది," అన్నాను.

ఆ మాట అనడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఎవరూ నాకు చెప్పలేదు. అలాగే ఉంటుందని నేనే అనుకున్నాను, అనుకున్నదాన్ని తెలిసినట్టు చెప్పేశాను. ఆయన ఫారం మోకాలి మీద పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. 'మీడియం వేవ్ ప్రసారం వినపడదు' అన్న గడిలో టిక్కు నేను పెట్టాను. ఆ పక్కనే మా రేడియో వేరుశనగ విత్తనశుద్ధి గురించి గడగడా చెప్తూనే ఉంది. దిబ్బ మీద తీసిన రీడింగును కొలతల పట్టికలో ఎక్కించలేదు. జమ్మలమడుగు ప్రాంతానికి బస్టాండు ట్యూబులైట్ల కింద తీసిన రీడింగు సరిపోయింది.

ఆఫీసుకు వచ్చి మ్యాపు పరిచి, ప్రొద్దుటూరు మీద కంపాసు ముల్లు గుచ్చి, ఎఫ్ఎం రిలే చేరే మేర ఒక వృత్తం గీశాను. కాస్త ఉదారంగా గీసినా అది జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఆగిపోయింది. మైలవరం బయటే ఉండిపోయింది. ఆ సంగతి గమనించాను. ఫర్వాలేదు, అక్కడికి పాతది ఉంది కదా అనుకున్నాను.

ఏడాది తిరక్కుండానే ప్రొద్దుటూరుకు ఒక రిలే మంజూరైంది. అద్దెకు తీసుకున్న టవరు మీద యాంటెన్నా, కింద గదిలో బీరువా. ప్రారంభోత్సవానికి నాయకులు వచ్చారు, శాలువాలు కప్పుకున్నారు, బటన్ నొక్కారు. బటన్‌కు దేనితోనూ సంబంధం లేదు. ట్రాన్స్‌మిటరు నేను పొద్దున్నే ఆన్ చేసి ఉంచాను. ఇలాంటి సభల్లో అది రివాజు, ఆ క్షణాన ఏదైనా మొరాయిస్తే పరువు పోతుందని. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల నుంచి మా సిగ్నేచర్ ట్యూన్ స్పష్టంగా వినిపించింది. పులివెందుల వాళ్ళు మాకేదీ అని అలిగారు. మా స్టేషన్ ఇంజినీరు గారు, "మీ సర్వే వల్లేనండీ," అని నాతో చేయి కలిపారు. నాకు గర్వంగానే అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

నాలుగు నెలల తర్వాత మరో ఆర్డరు వచ్చింది. మీడియం వేవ్ సాయంత్రం ప్రసారం నిలిపివేయాలి, ఉదయం మాత్రమే నడపాలి. కరెంటు ఆదా, యంత్రం మీద భారం తగ్గింపు. కారణాల్లో మూడోది ఇలా ఉంది: 'కేంద్రం స్వయంగా జరిపిన సర్వే ప్రకారం ఈ ప్రాంతంలో మీడియం వేవ్ వినపడటం లేదు.' ఆ కాగితం పట్టుకుని మా సారు గదిలోకి దూసుకుపోయాను. ఇదెక్కడి అన్యాయం, మైలవరం వైపు వాళ్ళు ఏమైపోవాలి అని అరిచాను. ఆయన ఎప్పటిలాగే నెమ్మదిగా, "మీరే కదండీ వినపడటం లేదని రాసిందీ," అన్నారు.

ఆ రోజు ఓబులేసు గుర్తొచ్చాడు. పోయి చెప్పి రావాల్సింది. ఉదయం ప్రసారం ఉంది కదా, ఎలాగో సర్దుకుంటాడులే అని ఊరుకున్నాను. జీపు అడిగితే ఇచ్చేవాళ్ళు, దూరమూ లేదు. పోలేదు, అంతే. ఈ రాతలో నేను సమర్థించుకోలేనిది అదొక్కటే.

మరుసటి సంవత్సరం ఎగువన వానలు దంచికొట్టాయి. రేపు తెల్లవారుజామున మైలవరం గేట్లు ఎత్తుతారు, పెన్న లోపల ఎవరూ ఉండొద్దు అని నీటిపారుదల వాళ్ళు ప్రకటన పంపారు. మా స్టూడియో దాన్ని సాయంత్రం మూడుసార్లు చదివింది. ప్రొద్దుటూరు ఎఫ్ఎంలో మూడుసార్లూ చక్కగా వెళ్ళింది. ఆ వేళకు మా మాస్టు చల్లగా, నిశ్శబ్దంగా నిలబడి ఉంది.

పది రోజులకు కార్డు వచ్చింది. అదే టీ హోటలు యజమాని చేతిరాత. 'మీ ప్రసారాలు మా ఊరిలో చక్కగా వినిపిస్తున్నాయి. సాయంత్రం పూట రేడియో పలకడం లేదు. నీళ్ళు వదిలేది మాకు తెలియలేదు. మేమిద్దరం గట్టు ఎక్కినాము. గొర్రెలు ఇరవై ఆరు పోయినాయి. సాయంత్రం కూడా పెట్టవలెనని కోరుచున్నాము. ఇట్లు, ఓబులేసు.' చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది. మొదటి వాక్యం రాసిన హోటలాయన మీద కోపం వచ్చింది, ఇరవై ఆరు గొర్రెలు పోయాక కూడా మర్యాద తప్పని ఆ పద్ధతి మీద కోపం వచ్చింది. అందరికంటే ఎక్కువ నా మీదే వచ్చింది.

ఆ కార్డును జతచేసి, వరద నెలల్లో అయినా సాయంత్రం మీడియం వేవ్ తిరిగి మొదలుపెట్టాలని మూడు పేజీల లేఖ రాశాను. ఈసారి ఒక్క ముక్క కూడా కల్పించలేదు. దిబ్బ మీద తీసి ఎక్కించని ఆ రీడింగు సంగతి కూడా ఒప్పుకున్నాను. మా సారు చదివి, "ఇది మీకే చుట్టుకుంటుందేమోనండీ," అన్నారు. చుట్టుకోనివ్వండి అన్నాను. ఆయన సంతకం పెట్టి పంపారు, అది ఆయన మంచితనం.

జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. దాన్ని నేను ఇప్పటికీ అక్షరం తప్పకుండా చెప్పగలను, అయినా సారాంశం చాలు. శ్రీ ఓబులేసు, మైలవరం, గతంలో ఇచ్చిన అభిప్రాయ పత్రంలో తమ వద్ద మీడియం వేవ్ వినపడదని ధ్రువీకరించారు. ఆయనే తాజా ఉత్తరంలో మొదటి వాక్యంలోనే ప్రసారాలు చక్కగా వినిపిస్తున్నాయని తెలిపారు. మీడియం వేవ్ వినపడని చోట ప్రసారం చక్కగా వినిపిస్తున్నదంటే, అది ఎఫ్ఎం రిలే వల్లనే అయి ఉండాలి. ఎఫ్ఎం కవరేజీ అంచనాలకు మించి మైలవరం వరకు విస్తరించినందుకు కేంద్రం సిబ్బందికి అభినందనలు. మీడియం వేవ్ సాయంత్రం ప్రసారం పునరుద్ధరణ అవసరం కనిపించడం లేదు.

కార్డును మొదటి వాక్యం దగ్గరే ఆపేస్తే, తర్కంలో ఎక్కడా దోషం లేదు. ఎంత వెతికినా దొరకదు. రెండు కాగితాల కిందా ఉన్నది ఆయన పేరే. ఎక్కించని రీడింగు విషయంలో నన్ను వివరణ అడుగుతారనుకున్నాను, దాని ఊసే ఎత్తలేదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని మైలవరం పోయాను. ఓబులేసు దిబ్బ మీద లేడు. మిగిలిన గొర్రెలను తెగనమ్మి, ప్రొద్దుటూరులో పత్తి గోడౌనుకు వాచ్‌మన్‌గా పోయాడని హోటలాయన చెప్పాడు. జీపు వెనక్కి తిప్పాం.

గోడౌను గేటు పక్కన కుర్చీలో ఉన్నాడు, ఖాకీ చొక్కా వేసుకుని. ఆ చొక్కాలో నేను మొదట గుర్తుపట్టలేదు. ఆయన లేచి, "మేడమ్మా, ఈడ కూచో," అని తన కుర్చీ ఇచ్చాడు. నేను నిలబడే, పైనుంచి వచ్చిన జవాబు మొత్తం చదివి, తెలిసే మాటల్లో విడమరిచి చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. పాతది నిలపరని ఆ రోజు నేను చెప్పింది ఒట్టి నా ఊహేనని కూడా చెప్పాను.

ఆయన అంతా విని, "కార్డులో గొర్లు పోయినాయని రాపిచ్చినా గదమ్మా. దాని గురించి ఏం రాసినారు?" అని అడిగాడు.

నేను కాగితం మళ్ళీ చూశాను. గొర్రెల ప్రస్తావన ఎక్కడా లేదు. లేదని చెప్పాను.

"యాడా లేదా?"

"యాడా లేదప్పా."

ఆయన ఒడిలో చిన్న సెల్‌ఫోను ఉంది. అందులో మా ఎఫ్ఎం వస్తోంది, ఒక్క గరగర లేకుండా. అలవాటు కొద్దీ, ఇక్కడ ఎట్ల వినపడుతోందని అడిగేశాను.

"ఈడ శానా బాగ ఇనపడ్తాంది మేడమ్మా," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఇంగ నేను ఇనాల్సిందే ఏమీ లేదు."

ఆ తర్వాత రెండేళ్ళకు రిటైరయ్యాను. మీడియం వేవ్ నుంచి ఎఫ్ఎంకు మారడం తప్పని నేను అనను. మారకపోతే మా స్టేషను ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇంతే: వినపడుతోందా లేదా అని అడగడం ట్రాన్స్‌మిటరు ఇంజినీరు పని, ఏం వినడానికి రేడియో పెట్టుకున్నావని అడగడం మా ఫారంలో లేదు. రెండోదానికి జవాబు రాసుకోకుండా మొదటిదానికి తెచ్చుకున్న జవాబు ఆఫీసులో అందరికీ, అన్ని విధాలా పనికొస్తుంది. చెప్పినవాడికి తప్ప.